టెంట్లు లేవు, అక్టోబరు లేదు: ఈ సీజన్ తీరం నడకల గురించి

విశాఖ దగ్గరి భీమిలి నుంచి శ్రీకాకుళం జిల్లా బారువ దాకా సంచి భుజాన వేసుకుని మనతో నడిచినవాళ్లకీ, ఈసారైనా రావాలని అడుగుతున్నవాళ్లకీ నమస్కారం. కొత్త తేదీలు చెప్పేముందు కొన్ని మార్పుల గురించి చెప్పాలి. వీటిలో కొన్ని మీకు నచ్చకపోవచ్చు. డబ్బు కట్టాక తెలిసి బాధపడేకంటే ముందే తెలియడం మేలని అన్నీ ఇక్కడే రాస్తున్నాను.

ఇసుక మీద టెంట్లు ఇక వేయం. చలిమంట కూడా ఉండదు. చాలామంది మన దగ్గరికి వచ్చేదే ఆ టెంటు కోసమని తెలుసు. ఈ మాట చెప్పగానే కొందరు బుకింగ్ రద్దు చేసుకున్నారు కూడా. అయినా ఈ నిర్ణయం మారదు. మన సీజన్ మంచి ఊపులో ఉండే జనవరి నుంచే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట అల అందనంత పైకి పాక్కుంటూ వచ్చి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతాయి. తెల్లారి చూస్తే ఇసుక మీద ట్రాక్టర్ టైరు పోయినట్టు జాడ కనిపిస్తుంది. చదునుగా, పొడిగా ఉందని మనం టెంటుకి ఎంచుకునే చోటే తాబేలూ ఎంచుకుంటుంది. అక్కడ మనుషుల అలికిడి, టార్చి వెలుగు ఉంటే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొచ్చి వెలుతురు ఎక్కువున్న వైపు పరుగెడతాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది. మనం మంట వేస్తే ఆ పిల్లలు మంట వైపే వస్తాయి. పొద్దున్నే కాకులకీ కుక్కలకీ దొరికిపోతాయి. అటవీ శాఖ వాళ్లు గుడ్లు ఏరి తెచ్చి హేచరీల్లో కాపాడి పిల్లల్ని సముద్రంలో వదులుతున్న తీరం మీద, సరదా కోసం మనం మంట వేయడం నాకు ఇష్టం లేదు.

డిసెంబరు దాకా వేయొచ్చు కదా అని ఒకరు అడిగారు. అది కూడా వద్దనుకున్నాం. ఆ ఇసుక ఊరివాళ్లు వలలు ఆరేసుకునే చోటు, పడవలు నిలిపే చోటు. తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగానే పడవలు తోస్తారు. మన తాళ్లూ మేకులూ వాళ్ల కాళ్లకి అడ్డం. కాబట్టి భీమిలి, కళింగపట్నం, బారువల్లో గదులు తీసుకున్నాం. గాలి బాగుంటే డాబా మీద పడుకోవచ్చు. సముద్రం హోరు అక్కడికీ వినిపిస్తుంది.

ఇక అందరూ అడిగేది నీళ్ల సంగతి. స్నానం ఒక్క రుషికొండలోనే. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ 2020లో వచ్చిన బీచ్ అది. ఈతకి హద్దులుంటాయి, లైఫ్‌గార్డులుంటారు. వాళ్లు విజిల్ వేస్తే వెంటనే పైకి రావాలి. మిగతాచోట్ల మోకాలి లోతు దాటనివ్వం. మన దారి తెలిసినవాళ్లకి కారణం కూడా తెలిసే ఉంటుంది. ఇది నది మొగ నుంచి, అంటే నది సముద్రంలో కలిసే చోటు నుంచి, ఇంకో నది మొగకి సాగే నడక. భీమిలి దగ్గర గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, శ్రీకాకుళం దిగువన నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ. అందుకే తీరం వెంబడి తిన్నగా నడవలేం. ప్రతి మొగ దగ్గరా లోపలికి వెళ్లి, వంతెన దాటి, మళ్లీ ఒడ్డుకి రావాలి. ఈ మొగలు ఒక్క తీరుగా ఉండవు. వానల్లో వరద ఇసుకమేటని కోసుకుపోతుంది, ఎండాకాలంలో అలలు ఇసుక తెచ్చి మళ్లీ పూడుస్తాయి. నిన్న నడుము లోతున్న చోట ఇవాళ మనిషి మునగొచ్చు. కళింగపట్నంలో మనకి వండిపెట్టే అక్క ప్రతిసారీ నాతో అనే మాట ఒకటే: “పిల్లల్ని మొగ కాడ దిగనివ్వకండి బాబూ, మొన్న చూసినట్టు ఇవాళ ఉండదు.” పుట్టి పెరిగినవాళ్లే అలా అంటుంటే, మనం ఎంత ఈతగాళ్లమైనా వినాల్సిందే.

మొగలు లేని చోట కూడా చూపుకి మోసపోవద్దు. అలలు తెల్లగా విరుగుతున్న వరుసలో ఒకచోట మాత్రం అల విరగకుండా, నీళ్లు కాస్త ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు దిగడానికి అదే మంచి చోటనుకుంటారు. ఒడ్డుకి వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది, మనిషిని కూడా లాక్కుపోతుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదకండి, అలిసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ లాగుడు దాటాక వెనక్కి రండి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యి పైకెత్తి కేక వేయండి. మన నడకకి రాకపోయినా సరే, ఈ నాలుగు మాటలూ ఇంట్లో పిల్లలకి చెప్పండి.

వద్దనే మాటలే ఎక్కువైనట్టున్నాయి, ఉన్నవి కూడా చెప్పనివ్వండి. విశాఖ రైల్వే స్టేషన్ దగ్గర 900 కె బస్సు ఎక్కితే, ఊరు దాటాక భీమిలి దాకా కుడిచేతి వైపు సముద్రమే. మంగమారిపేటలో దిగి రాతి తోరణం చూస్తాం, తొట్లకొండ ఎక్కి ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు నుంచి తీరమంతా చూస్తాం. ఎర్రమట్టి దిబ్బల్లో గట్ల మీదికి ఎక్కనివ్వం, అడుగు పడితే ఆ మట్టి రాలిపోతుంది. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసి గోస్తని దాటుతాం. ఆ తర్వాత జనం పలచబడతారు, సరుగుడు తోటలు మొదలవుతాయి.

అదృష్టం బాగుంటే పొద్దున్నే అలివి వల, అంటే ఒడ్డు నుంచి లాగే పెద్ద వల, లాగడం చూస్తారు. వల ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో అర్ధచంద్రంలా చుట్టి తెచ్చి, రెండు కొసలూ రెండు బారులు పట్టి లాగుతారు. వెనక చివరనున్న మనిషి తాడు చుట్ట వేసి, వదిలి, ముందుకి నడిచి మళ్లీ నీళ్ల దగ్గర పట్టుకుంటాడు. బారు అలా తిరుగుతూనే ఉంటుంది. వల సంచి దగ్గరకొచ్చేసరికి కవ్వళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపలు ఎగిరెగిరి పడతాయి, గంపలతో కాచుకున్న ఆడవాళ్లు పాట మొదలెడతారు, అంటే వేలం. వాళ్లు పిలిస్తే తాడు పట్టండి, బాగా పట్టండి. ఫోటో తీసేముందు అడగండి. చేప కొంటే వాళ్లు చెప్పిన ధర ఇవ్వండి, బేరం వద్దు. ఇది వాళ్ల కూలి.

కళింగపట్నం నుంచి బారువ దాకా పూర్తిగా నడిచే ప్యాకేజీ తీసేశాం. మధ్యలో మూలపేట దగ్గర 2023 నుంచి ఓడరేవు పనులు జరుగుతున్నాయి. ఆ ముక్క ఆమదాలవలస నుంచి ప్యాసింజర్ రైల్లో వెళ్తాం. నౌపడ దగ్గర కిటికీలోంచి ఉప్పు మడులు కనిపిస్తాయి. ఒక పూట దిగి తేలినీలాపురంలో గూడబాతుల్ని (పెలికాన్ పక్షుల్ని) చూస్తాం. చెట్టు మీద గూళ్లున్న ఇంటివాళ్లు కొమ్మ కూడా నరకరు. నడక తగ్గిందని బాధగా ఉన్నా, ఈ పూట మీకు నచ్చుతుందని నా నమ్మకం.

అక్టోబరులో నడకలు పెట్టం. దసరా సెలవులకి బాగా అడుగుతారు, మాకు బాగా డబ్బొచ్చే నెల కూడా అదే. కానీ హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖని తాకింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడితోటల్ని నేలకూల్చింది. వాయుగుండం పుట్టిన కొద్ది రోజుల్లోనే తీరం చేరుతుంది. మిమ్మల్ని బీచ్ పక్క ఊళ్లో పెట్టి ఆ కబురు కోసం ఎదురుచూడలేను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, ఎండ కూడా దంచేస్తుంది, అప్పుడూ నడకలు ఉండవు.

ధర పెరిగింది. మూడు రాత్రుల నడక మనిషికి 5,500 నుంచి 6,800 రూపాయలు అయింది. టెంట్లు పోయి గదులు రావడం ఒక కారణం. రెండోది, వండిపెట్టే ఇళ్లకి ఇచ్చేది పెంచాం. కోనెం చేప పులుసు పెట్టిన రోజు వాళ్లకి మిగిలేది ఏమీ ఉండేది కాదు. పెంచకుండా నడపాలంటే గుంపుని పెద్దది చేయాలి, అది నేను చేయను. గుంపు పది మందికి మించదు.

నడకలు నవంబరు మూడో వారం నుంచి మార్చి రెండో వారం దాకా ఉంటాయి. అక్టోబరుకి అడ్వాన్సు కట్టినవాళ్లకి మొత్తం డబ్బు తిరిగి వేస్తాం, ఏమీ కోయం. వేరే తేదీ కావాలంటే పాత ధరకే రండి. టెంటు కోసమే బుక్ చేసుకున్నవాళ్లకీ ఇదే మాట వర్తిస్తుంది, ఈ నెలాఖరులోగా ఒక మెసేజ్ పెడితే చాలు.