వార్షిక నివేదిక 2024-25: కూలి రేట్లు, మన సంఘం పని

సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా సంఘం చేసిన పనుల వివరం ఇది. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం, సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం. వైద్య శిబిరం, పిల్లలకు నోటు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడు సంఘం టైమంతా తినేసింది కూలి డబ్బుల వ్యవహారమే.

ఉపాధి పని

మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 2023-24లో 272 రూపాయలు. నివేదిక ఏడాదిలో 300 అయింది, 2025-26కు 307 చేశారు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఒకటే రేటు. నాట్లకు, కలుపుకు పోయే ఆడమనిషికి ఒక రేటు, మందు కొట్టే మగమనిషికి ఇంకో రేటు నడిచే మన నెల్లూరు పల్లెల్లో ఇదేం చిన్న సంగతి కాదు. అలాగని అందరికీ 300 పడిందనుకోవద్దు. తవ్విన మట్టి కొలతను బట్టే డబ్బులు కడతారు. గట్టి నేలలో గుంతలు తీసిన మనవాళ్లకు తక్కువే పడింది. పైగా హాజరు కోసం రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో దిగాలి. చల్లపూట పని ముగించినా రెండో ఫొటో కోసం ఎండలో కాచుక్కూర్చోవాలి. సిగ్నల్ లేకపోతే మేటీ (కూలీల గుంపు పెద్ద) ఫోను పట్టుకుని గట్టు మీద అటూ ఇటూ తిరగాలి.

2024 జనవరి నుంచి కూలి డబ్బులు ఆధార్ ఆధారంగానే జమ అవుతున్నాయి. జాబ్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకోలా ఉన్నవాళ్లకు ఇదొక టెన్షన్. మన కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి కార్డులు, పాస్‌బుక్కులు సరిచూసి, తేడా ఉన్నవాళ్లను సచివాలయానికీ బ్యాంకుకీ వెంటబెట్టుకుని వెళ్లారు.

"ఇది గుమాస్తా పని, సంఘానికెందుకు?" అని కార్యవర్గంలోనే కొందరు అడిగారు. వాళ్లకు చెప్పిన జవాబే ఇక్కడా రాస్తున్నాం. ఉమ్మడి రాష్ట్రంలో 2010-12 ప్రాంతంలో 8 జిల్లాల్లో వేలిముద్ర స్మార్ట్‌కార్డుల ద్వారా ఉపాధి కూలి, పింఛన్లు ఇచ్చి చూశారు. వాటిలో నెల్లూరు ఒకటి. కొన్ని మండలాలకు కార్డులు ముందిచ్చారు, కొన్నిటికి తర్వాత. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం ఆ రెండు రకాల మండలాలనూ పోల్చింది. చెల్లింపులు దారిన పడ్డ చోట లబ్ధిదారుల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరిగిన దాంట్లో 86 శాతం ఉపాధి పని నుంచి వచ్చింది కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. ఊళ్లో నికరంగా డబ్బులందే పని ఇంకోటి ఉంటే, ఆసామి చెప్పిన రేటుకే తలూపాల్సిన అవసరం ఉండదు. పాస్‌బుక్కులో పేరు దిద్దితే పక్క చేలో కూలి పెరుగుతుందన్నమాట.

సంఘంలో కౌలు రైతులూ ఉన్నారు. నాట్ల టైములో మనుషులు దొరకడం లేదని, రేటు పెరిగితే తామే మునుగుతామని వాళ్ల గోడు. కొట్టిపారేయలేం. కానీ ఏటా పెరిగే కౌలు మీద ఎవరూ నోరెత్తరు, యాభై రూపాయల కూలి దగ్గరే పంచాయితీ పెడతారు. ఈ విషయం సమావేశంలో తేలలేదు, వచ్చే ఏడాదీ మాట్లాడాల్సిందే.

రొయ్యల ప్లాంట్లు

అసలు తేడా కనపడేది ఇక్కడ. ఒకే షెడ్డులో పర్మినెంటు వాళ్లకు జీతం స్లిప్పు, పీఎఫ్, ఈఎస్ఐ. తలలు, పొట్టు తీసే ఆడవాళ్లకు కిలో లెక్క. ఐసు నీళ్లలో వేళ్లు మొద్దుబారిపోతుంటే కిలోలూ తగ్గుతాయి, డబ్బులూ తగ్గుతాయి. ఎన్ని కిలోలు చేశారో రాసేది మేస్త్రీ నోటు పుస్తకంలో, ఆ పుస్తకం ఉండేది మేస్త్రీ జేబులో.

చట్టం వీళ్ల పక్షానే ఉంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఆ పనికి కనీస రోజు రేటు మాత్రమే నిర్ణయించి ఉంటే, కిలో లెక్కన చేయించినా అంతకు తగ్గించకూడదని ఉండేది. తగ్గితే 6 నెలల్లోగా క్లెయిమ్ వేసే వీలు, బకాయికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఆ చట్టంలో ఉండేవి. కాంట్రాక్టరు ఎగ్గొడితే, అప్పటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కిందికి వచ్చే చోట కంపెనీయే కట్టాల్సి ఉండేది. అయితే ఎన్ని గంటలు చేశారో చూపించే కాగితం లేకపోతే క్లెయిమ్ నిలబడడం కష్టం.

అందుకే తలా ఒక చిన్న పుస్తకం ఇచ్చాం. తేదీ, లోపలికెళ్లిన టైము, బయటికొచ్చిన టైము, కిలోలు. రాయడం రానివాళ్లకు కూతుళ్లు రాసిపెట్టారు. ఒక ప్లాంటులో స్లిప్పు అడిగిన ఇద్దరిని మర్నాటి నుంచి రావొద్దన్నారు. కార్మిక శాఖలో అర్జీ పెట్టి, మాట్లాడి మళ్లీ పనిలోకి తీసుకునేలా చేశాం. బకాయి మాత్రం ఇంకా రాలేదు.

నివేదిక ఏడాది ముగిశాక, ఏప్రిల్ 2న అమెరికా సుంకాల ప్రకటనతో రొయ్యల ధర పడింది. మనవాళ్ల షిఫ్టులు తగ్గాయి. మస్టర్‌లో (ప్లాంటు హాజరు పట్టీలో) పేరున్నవాళ్లకు ముందుగా కోత పడలేదు.

కాబట్టి పుస్తకాలు రాయడం ఆపొద్దు. మొదటి పుస్తకం నిండినవాళ్లు సంఘం ఆఫీసులో ఇచ్చి జెరాక్సు తీయించుకుని, కొత్తది పట్టుకెళ్లండి. సభ్యత్వ చందా పెంచడం లేదు, పాత బాకీలు మాత్రం సమావేశంలోపు కట్టాలి.

— కార్యవర్గం తరఫున, కార్యదర్శి