కచేరీ వార్తలో కీర్తన పేరు కూడా వెయ్యండి

సంపాదకుల వారికి నమస్కారం.

త్యాగరాజ ఆరాధన రోజుల్లో జిల్లా పేజీలో కచేరీల వార్తలు వస్తుంటాయి. జ్యోతి ఎవరు వెలిగించారో, శాలువా ఎవరు కప్పారో, ముఖ్య అతిథి ఏం మాట్లాడారో అన్నీ ఉంటాయి. గాయని ఏ కీర్తన పాడారు, ఏ రాగం విస్తరించారు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నది మాత్రం ఉండదు. 'శ్రోతలను అలరించారు' అనేసి ఊరుకుంటారు. దేనితో అలరించారో చెబితే కదా, రాలేకపోయినవాళ్లు ఇంట్లో వెతుక్కుని వినేది!

నాకు ఒంగోలులో మందుల షాపు ఉంది. రాత్రి బేరాలు తగ్గాక సంగీతం పిచ్చి ఉన్న నలుగురం అక్కడ చేరతాం. ఒకరు తెచ్చింది అందరం వింటాం. ఎవరు పాడారు, పక్కన ఎవరు వాయించారు, రాగం ఏమిటి చెప్పకుండా వినిపించకూడదు, అదొక్కటే షరతు. ఇది మాకు రేడియో నేర్పిన అలవాటు. గాయకుడు ఓలేటి వెంకటేశ్వర్లు గారి 'సంగీత శిక్షణ' కార్యక్రమం విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి విన్న తరం మాది. రేడియో కచేరీలో పక్కవాద్యాల వాళ్ల పేర్లు కూడా చెప్పేవారు. వాట్సాప్‌లో 'అద్భుతం, తప్పక వినండి' అంటూ వచ్చే ముక్కలకు పేరూ ఊరూ ఉండవు. నచ్చినా ఆ విద్వాంసుడివి ఇంకో నాలుగు వినే దారి ఉండదు.

ఈ మధ్య మమ్మల్ని పట్టేసింది కర్ణాటక సంగీత గాయకుడు ఎం.డి. రామనాథన్ గారు పాడిన త్యాగరాజ కీర్తన 'గిరిపై నెలకొన్న'. సహాన రాగం, ఆది తాళం. పది పూటల్లో కాపాడతానని రాముడు అన్నట్టు దాని చరణంలో వస్తుంది. అందుకే ఇది త్యాగరాజస్వామి చివరి రోజుల్లో చేసిన కీర్తన అని చెబుతారు. 1847లో పుష్య బహుళ పంచమి నాడు ఆయన సిద్ధి పొందారు. రామనాథన్ గారు పాలక్కాడు ప్రాంతంవారు, తెలుగువారు కారు. మంద్రంలో, అంటే కింది స్థాయిలో మోగే గొంతు, బాగా నిదానమైన నడక. అలవాటు లేనివాళ్లకు మొదటిసారి సాగదీసినట్టు అనిపించవచ్చు. రెండోసారి వినండి. 'గమరి గరిస' అనే స్వరాలతో రిషభం (రి) మీదికి దిగే పట్టు దగ్గర ఆయన ఏమాత్రం తొందరపడరు. సాహిత్యంలో ప్రతి మాటా చెవిన పడుతుంది. మా మిత్రుడొకాయన అది వింటూ కళ్లు తుడుచుకున్నాడు.

ఇక మా పక్కనే ఉన్న కరవది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారి సొంతూరు. శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. షాపుకొచ్చే కుర్రాళ్లకు చెబితే 'మన కరవదేనా అంకుల్?' అని ఆశ్చర్యపోతారు. పెళ్లిలో తాళి కట్టేటప్పటి గట్టిమేళమే నాదస్వరం అనుకునేవాళ్లకు ఆయన ఆలాపన వినిపించాలి. రేడియో నుంచి పట్టుకున్న ఆయన ఖరహరప్రియ రాగం నా దగ్గర క్యాసెట్‌లో ఉంది. పై షడ్జం (స) మీద నిలబడి, ఊపిరి తెగకుండా అంత పెద్ద వాద్యాన్ని గుసగుసలాడినంత మెత్తగా దించుతారు. వెంటనే డోలు అందుకుంటుంది. ఆ డోలు ఎవరిదో మాలో ఎవరికీ తెలియదు. పేర్లు చెప్పే ముక్క టేపులోకి ఎక్కలేదు. మీ పాఠకుల్లో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను. ఆదివారం అనుబంధంలో పాఠకులకు అరచేయంత చోటివ్వండి. వారానికి ఒకరు తమకు నచ్చిన ఒక కీర్తన, రాగం, పాడినవారు, వాయించినవారు, ఎక్కడ మనసు ఆగిపోయిందో నాలుగు వాక్యాల్లో రాస్తారు. చినమౌలానా గారి మీద మొదటిది నేనే పంపుతాను. కచేరీకి వెళ్లే విలేఖరులకు కూడా ఒక మాట చెప్పండి. పాడిన కీర్తనల పట్టీ వయొలిన్ వాయించినవారిని అడిగినా ఇస్తారు. రెండు నిమిషాల పని. వచ్చే పుష్యమాసం ఆరాధన వార్తల నుంచే మొదలుపెడితే సంతోషిస్తాం.

ఇట్లు,
ఒక సంగీత శ్రోత,
ఒంగోలు