జన్యుశాస్త్ర పరిశోధన మూడేళ్ళ ప్రాజెక్టుల్లో ఇమడదు: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను తెలుగు నేల మీద ఒక విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం బోధిస్తూ, పీహెచ్‌డీ విద్యార్థుల పరిశోధనకు గైడుగా ఉంటున్నాను. మా దగ్గర ఒకరు వరి మీద, ఒకరు పశువుల మీద, మరొకరు వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల మీద పనిచేస్తుంటారు. మూడు దారులూ వేరుగా కనిపించినా ముగ్గురి పనికీ ఆధారం ఒక్కటే: తల్లిదండ్రుల లక్షణాలు తర్వాతి తరాల్లోకి ఎలా దిగుతున్నాయో ఓపికగా చూసి రాసుకోవడం. ఆ చూపుకు ఆధారమైన విత్తనాలు, మందల రికార్డులు, రోగుల కుటుంబ వివరాలు, డీఎన్‌ఏ నమూనాలు విద్యార్థి గడువు ముగిసిన మరుక్షణం దిక్కులేనివి అవుతున్నాయి. వాటిని నిలిపి ఉంచే బాధ్యతను మీ శాఖ తీసుకోవాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

పరిశోధక విద్యార్థికి ఫెలోషిప్ గడువు మొత్తం ఐదేళ్ళు. 2023 జనవరి 1 నుంచి జూనియర్ ఫెలోలకు నెలకు 37,000, సీనియర్ ఫెలోలకు 42,000 రూపాయలు చేశారు, అందుకు కృతజ్ఞులం. అయితే ఆ విద్యార్థి వాడే రసాయనాలకూ, పొలం కూలీకీ, ఊళ్ళు తిరగడానికీ డబ్బు వచ్చేది గైడు ప్రాజెక్టు నుంచి, దాని గడువు సాధారణంగా మూడేళ్ళే. మొక్కలు, పశువులు, మనుషులు ఈ లెక్కకు లొంగరు.

వరి సంగతే తీసుకోండి. ఒక గుణానికి కారణమైన జన్యువు ఏ క్రోమోజోములో ఎక్కడ ఉందో పట్టుకోవాలంటే, ఆ గుణం ఉన్న రకాన్నీ లేని రకాన్నీ సంకరం చేయాలి. సాయంత్రం పూట కంకిలో ఒక్కొక్క గింజ పొట్టు కొసను కత్తెరతో కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ పట్టకారుతో తీసేసి, కాగితపు సంచి తొడిగి, మర్నాడు పొద్దున రెండో రకం పుప్పొడిని దాని మీద దులపాలి. ఇంత చేస్తే ఒక్క కంకికి దక్కేవి కొద్ది గింజలు. వాటిని నాటి, ఒక్కో మొక్క నుంచి ఒక్కో గింజ తీసుకుంటూ ఆరేడు తరాలు నడిపితే గానీ గుణాలు స్థిరపడిన వరసలు, అంటే తరం మారినా ఒకేలా పండే విత్తన వంశాలు, చేతికి రావు. ఖరీఫ్, రబీ రెండూ వదలకుండా వేసినా, వానలు కరుణించినా మూడున్నర నుంచి నాలుగేళ్ళు పడుతుంది. అసలు పరీక్ష, అంటే ఆ వరసలన్నిటినీ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు నేలల్లో పండించి కొలవడం, ఆ తర్వాతే మొదలవుతుంది. ఐదేళ్ళలో థీసిస్ ఇవ్వాల్సిన విద్యార్థి దీన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక్కడే చేయలేడు. సీనియర్ చేసి ఉంచిన వరసలను జూనియర్ అందుకోవాలి. కానీ ఆ వరసలు చాలాచోట్ల గుడ్డసంచుల్లో, ప్రయోగశాల బీరువాల్లో, మన వేసవి వేడిలో పడి ఉంటాయి. చల్లని గిడ్డంగి లేకపోతే కొన్నేళ్ళకే వాటి మొలక శాతం పడిపోతుంది. మళ్ళీ పండించి విత్తనం పట్టాలంటే ప్రాజెక్టు ముగిసిపోయి ఉంటుంది, మడికి నీళ్ళు పెట్టించడానికి కూడా ఏ పద్దు కిందా డబ్బు ఉండదు.

జాగ్రత్త చేసిన విత్తనం ఏం ఇవ్వగలదో చూపే ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, మనందరి సాంబ మసూరి, ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ కలిసి దానిలోకి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను తెచ్చాయి. ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ గుర్తులతో మొక్కలను ఏరుతూ, మళ్ళీ మళ్ళీ సాంబ మసూరితోనే కలుపుతూ, అన్నం గుణం చెడకుండా ఆ పని చేశారు. 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. ఆ మూడు జన్యువుల్లో ఎక్స్‌ఏ21 ఆఫ్రికాలోని ఒక అడవి వరి నుంచి వచ్చింది. ఆ అడవి వరిని సేకరించినవారూ, దాని నిరోధక శక్తిని గుర్తించినవారూ, దాన్ని సాగు వరిలోకి తెచ్చినవారూ వేరే చోట్ల, అంతకు ముందు దశకాల్లో పనిచేసినవారు. వారి విత్తనం ఎవరో ఒకరు కాపాడి ఉండకపోతే మన రైతు పొలానికి ఈ రకం వచ్చేది కాదు.

పశువుల్లో కాలం ఇంకా నెమ్మదిగా నడుస్తుంది. ఒంగోలు పెయ్య తొలి ఈత ఈనడానికే మూడేళ్ళు దాటుతుంది. దాని కూతురు పాలిచ్చే నాటికి పరిశోధక విద్యార్థి ఉద్యోగంలో చేరిపోయి ఉంటాడు. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌కు వెళ్ళి నెలోర్ పేరుతో ఆ దేశపు మాంస పరిశ్రమకు వెన్నెముక అయింది. అక్కడ ఇవాళ జన్యు పరీక్షతో ఆబోతులను ఎంచుకోగలుగుతున్నారంటే, ఏ దూడ ఏ తల్లికి, ఏ ఆబోతుకు పుట్టిందో దశాబ్దాలుగా ఆపకుండా రాసిన పుస్తకాలే అందుకు పునాది. జాతి పుట్టిన నేల మీద మనకు పశువులున్నాయి, వాటిని ప్రాణంగా చూసుకునే రైతులున్నారు. ఊళ్ళలో ఉన్న ఆవుల వంశావళి మాత్రం ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు రాసి, అది ముగియగానే ఆపేస్తున్నాం. మధ్యలో నాలుగేళ్ళు తెగిన రికార్డుతో గణాంక పద్ధతులు పెద్దగా ఏమీ చేయలేవు.

అన్నిటికంటే నన్ను బాధించేది మనుషుల విషయం. జన్యు వ్యాధి ఉన్న కుటుంబాన్ని చూడటం వంశవృక్షం గీయడంతో మొదలవుతుంది. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, జబ్బు ఉన్నవారికి నలుపు, మేనరికం జరిగిన చోట ఒక గీత బదులు రెండు గీతలు. ఆ రెండు గీతలు గీస్తున్నప్పుడు ఎదురుగా కూర్చున్న తల్లి ముఖం చూడాల్సి వస్తుంది. ఆమె ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలో రక్తం ఇచ్చి వెళ్ళేది డిగ్రీ కోసం కాదు, జవాబు కోసం. ఆ జవాబు రెండేళ్ళకో, నాలుగేళ్ళకో తేలవచ్చు. అప్పటికి ఆమె దగ్గర ఉన్నది వెళ్ళిపోయిన విద్యార్థి ఫోన్ నంబరు.

జవాబు ఆలస్యమైతే నష్టం ఎంతో చెప్పడానికి మన ప్రాంతంలోనే ఉదాహరణలున్నాయి. వైశ్య కుటుంబాల్లో కొందరికి బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము వంశపారంపర్యంగా లోపిస్తుందని ఇక్కడి మత్తు వైద్యులకు బాగా తెలుసు. అలాంటివారికి ఆపరేషన్ ముందు, ఆ ఎంజైమే విరగ్గొట్టాల్సిన సక్సినైల్‌కోలిన్ అనే కండరాలను సడలించే మందు ఇస్తే, కొద్ది నిమిషాల్లో తిరిగి రావాల్సిన ఊపిరి గంటల తరబడి రాదు. ఒకరిలో ఈ లోపం కనబడితే తోబుట్టువులందరికీ చెప్పాలి, ఎవరైనా చెప్పాలి. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు లోపించడం భారత ఉపఖండంలో సుమారు నూటికి నలుగురిలో ఉందని సీసీఎంబీ పరిశోధకులు పాల్గొన్న అధ్యయనం 2009లో వెల్లడించింది. దాని ప్రభావం చాలామందిలో నడివయసు దాటాకే బయటపడుతుంది. ఇరవై ఏళ్ళ యువకుడిలో ఈ లోపాన్ని గుర్తించిన మూడేళ్ళ ప్రాజెక్టు, అతని గుండె ఏమైందో ఎన్నటికీ చూడజాలదు. 2023 జులై 1న ప్రారంభించిన, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తహీనత నిర్మూలన మిషన్‌కు ప్రభుత్వమే 2047ను గడువుగా పెట్టుకుంది. జన్యు వ్యాధుల విషయంలో తరాల లెక్కన ఆలోచించక తప్పదని ఆ నిర్ణయంలోనే ఒప్పుకున్నట్టయింది. అదే ఆలోచన పరిశోధనకూ వర్తించాలని అడుగుతున్నాను.

ప్రయోగశాలల్లో చదివిన జన్యు సమాచారాన్ని దాచడానికి ఫరీదాబాద్‌లో భారతీయ జీవ సమాచార కేంద్రాన్ని నెలకొల్పారు. 10,000 మంది భారతీయుల జీనోములను, అంటే ఒక్కొక్కరి మొత్తం డీఎన్‌ఏను, చదివి, ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇవి గొప్ప పనులు. కానీ కంప్యూటర్లో ఉన్న అక్షరాల వరసకు అర్థం చెప్పేది పొలంలోని మొక్క, మందలోని ఆవు, ఊళ్ళోని కుటుంబం. అక్షరాలకు ఇల్లు కట్టి, వాటి వెనక ఉన్న ప్రాణులను వదిలేస్తే సగం పనే చేసినట్టు.

అందుకు మీ శాఖ చేయగలిగినవి ఉన్నాయి. ఏ జన్యుశాస్త్ర ప్రాజెక్టు మంజూరు చేసినా, అది ముగిశాక పదేళ్ళపాటు విత్తనాలను, రికార్డులను, నమూనాలను నిర్వహించడానికి చిన్న మొత్తాన్ని అందులోనే విడిగా కేటాయించండి. విద్యార్థి థీసిస్ సమర్పించే ముందు తన వరసలను, వంశావళి రికార్డులను ఒక జాతీయ భాండాగారానికి అప్పగించాలనీ, తర్వాత వాటిని వాడుకున్న ప్రతిసారీ అతని పేరు ఉండాలనీ నియమం పెట్టండి. ఇది నిర్బంధం అవుతుందని కొందరు సహోద్యోగులు అభ్యంతరం చెప్పవచ్చు. పేరు దక్కుతుందంటే పిల్లలు సంతోషంగా ఇస్తారని నా నమ్మకం. రోగుల కుటుంబాల వివరాలను మాత్రం ఇలా ఎక్కడికో పంపకూడదు. నమూనా ఇచ్చేటప్పుడే తర్వాత తమను మళ్ళీ సంప్రదించడానికి వారి సమ్మతి తీసుకుని, అదే సంస్థలో శాశ్వత ఉద్యోగి అయిన, జన్యు వ్యాధులపై కుటుంబాలకు సలహా చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ చేతిలో ఆ వివరాలు ఉండాలి. ఇప్పుడు ఈ పనిని తాత్కాలిక జీతం మీద ఉన్న స్కాలర్లు చేస్తున్నారు. ఆ ఉద్యోగాలు మంజూరు చేయడం ఈ లేఖలో నేను అడిగే అన్నిటిలోకీ ముఖ్యమైనది.

మరొకటి, మీ మంత్రిత్వ శాఖ ఒక్కటే చేయలేనిది. వరి వ్యవసాయ పరిశోధన మండలి కిందా, మానవ వ్యాధులు వైద్య పరిశోధన మండలి కిందా, బయోటెక్నాలజీ మీ కిందా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇలాంటి సంస్థలున్న రాజేంద్రనగర్, హబ్సీగూడ, ఉప్పల్, గచ్చిబౌలి, పటాన్‌చెరు, బేగంపేట అన్నీ కలిపి ఒక్క రోజులో తిరిగి రావచ్చు. అయినా ఒక సంస్థ విద్యార్థికి మరో సంస్థ గైడు అధికారికంగా దొరకాలంటే ఉత్తరాలు ఢిల్లీకి వెళ్ళాలి. ముగ్గురు కార్యదర్శులు కూర్చుని ఉమ్మడి గైడుల విధానాన్ని ఖరారు చేస్తే ఆ చిక్కు తీరుతుంది.

చివరగా, ఫెలోషిప్ నెలనెలా పడేలా చూడండి. నెలల తరబడి డబ్బు రాక, అప్పు చేసి హాస్టల్ మెస్ బిల్లు కట్టిన విద్యార్థులను నేను చూశాను; నాట్లు, కోతలు ఆ డబ్బు కోసం ఆగవు కాబట్టి వారు పని మానలేదు. పంట దెబ్బతిని ఒక కాలం పోతే ఆ కాలాన్ని ఫెలోషిప్ గడువుకు కలిపే వెసులుబాటు కూడా ఇవ్వండి. ఈ విషయాలపై మీ శాఖ అధికారులు ఎప్పుడు పిలిచినా, మా విద్యార్థులతో సహా వచ్చి వివరించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు
భవదీయుడు,
ఒక జన్యుశాస్త్ర అధ్యాపకుడు