కలల పుస్తకం రెండో వారంలో ఎందుకు ఆగిపోతుంది?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కలలు రాసుకునే అలవాటు గురించి వచ్చిన చిన్న వ్యాసం చదివాను. తలగడ పక్కన పుస్తకం, కలం పెట్టుకోమని, లేవగానే కల రాసుకోమని అందులో చెప్పారు. మంచి మాట. అయితే మొదలుపెట్టమని అందరూ చెబుతారు. రెండో వారానికల్లా చెయ్యి ఎందుకు వెనకాడుతుందో, వెనకాడినప్పుడు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను వాల్తేరు డివిజన్‌లో గూడ్స్ గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. కొత్తవలస – కిరండూల్ లైనులో ఇనుప ఖనిజం మోసుకొచ్చే బండ్ల వెనక, బ్రేక్ వ్యాన్‌లో ఒంటరిగా చాలా ఏళ్ళు గడిపాను. ఆ ఉద్యోగంలో ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో మన చేతిలో ఉండదు. డ్యూటీల మధ్య మేము పడుకునే రన్నింగ్ రూమ్‌లో ఎంత గాఢనిద్రలో ఉన్నా, డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చి తలుపు కొడితే లేవవలసిందే. అలా సగంలో లేచినప్పుడు కల ఇంకా పచ్చిగా కళ్ళ ముందే ఉండేది. బూట్లు వేసుకునేలోగా రెండు ముక్కలు రాసుకునేవాణ్ణి. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది.

ఇంటర్ చదువుతున్న మా మనవరాలు నన్ను చూసి తనూ ఒక పుస్తకం పెట్టుకుంది. మొదటి రోజుల్లో పేజీలకు పేజీలు నింపింది. ఉన్నట్టుండి మానేసింది. ఎందుకమ్మా అంటే, “రోజూ ఏముంటుంది తాతయ్యా రాయడానికి? నిన్న బస్సు తప్పిపోయింది, మొన్న లెక్కల పరీక్షకి హాల్ టికెట్ దొరకలేదు. వీటికి అర్థమేమిటో కూడా తెలియడం లేదు” అంది.

పిల్ల చేత కలం కింద పెట్టించింది ఆ అర్థమనే మాటే అని నా నమ్మకం. కల అనగానే ఫలితం అడగడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. పళ్ళు ఊడినట్టు వస్తే కీడు, పెళ్ళి కనబడితే చావు కబురు, తెల్లవారుజామున వస్తే నిజమవుతుంది. చెడ్డ కల పైకి చెబితే ఫలిస్తుందని నోరు మూయించేవారు. లంకలో త్రిజటకు వచ్చిన కల విని రాక్షస స్త్రీలు హడలిపోయారంటే, ఆ కథకు అంత బరువైన కల కావాలి. మనలాంటి వాళ్ళకు రోజూ వచ్చే కలలు ఆ బరువు మోయలేవు. ప్రతి కలకూ ఫలితం వెతికే మనిషికి పదింట తొమ్మిదింటిలో ఏమీ దొరకదు కాబట్టి విసుగు పుడుతుంది. మిగిలిన ఒక్కటి పీడకలైతే భయం పుడుతుంది. విసుగైనా భయమైనా పుస్తకం అటకెక్కుతుంది.

గార్డు దగ్గర రఫ్ జర్నల్ అని ఒక పుస్తకం ఉంటుంది. బండి ఏ స్టేషన్‌కు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది, సిగ్నల్ దగ్గర ఎన్ని నిమిషాలు నిలబడింది, ఎందుకు నిలబడింది అని వెంటవెంటనే రాసుకుంటూ పోవాలి. ఫలానా చోట బండి ఆగడంలో అంతరార్థమేమిటని ఏ గార్డూ ఆలోచించడు. చిమిడిపల్లిలో ఏమీ జరగకపోతే ఆ స్టేషన్ దాటిన సమయం మాత్రం రాస్తాడు, అంతే. కానీ తరువాత ఎప్పుడో లెక్క చూడవలసి వస్తే ఏమీ జరగని ఆ వరుసలూ పనికొస్తాయి. కలల పుస్తకాన్ని నేను ఆ జర్నల్ లాగే రాస్తాను. వచ్చింది రాయడమే నా పని. కల ఎందుకు వచ్చిందో తేల్చడం ఆ పూట పని కాదు.

మన పురాణాల్లో నాకు ఎంతో ఇష్టమైన కల ఉషాకన్యది. కలలో కనిపించిన యువకుడెవరో తెలియక ఆమె కుమిలిపోతుంటే, చెలికత్తె చిత్రలేఖ శకునాలూ ఫలితాలూ చెప్పలేదు. కుంచె పట్టుకుని ఒక్కొక్కరి రూపమే గీసి చూపించింది. అనిరుద్ధుడి బొమ్మ దగ్గర ఉష తల వంచుకుంది. ముందు బొమ్మ గీసుకోవాలి, గుర్తుపట్టడం ఆ తరువాత. పుస్తకం పెట్టుకున్న ప్రతివారికీ నేను ఈ కథే చెబుతాను.

“నాకసలు కలలే రావు” అనేవారికి కూడా ఒక మాట. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో మూసిన రెప్పల వెనక కనుగుడ్లు వేగంగా కదిలే ఘట్టాలున్నాయని ప్రకటించారు. ఆ ఘట్టంలో నిద్రపోతున్నవారిని 27 సార్లు లేపి అడిగితే 20 సార్లు కల వివరంగా చెప్పగలిగారు. సుమారు గంటన్నరకు ఒకసారి ఈ ఘట్టం తిరిగి వస్తుంది. రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారేకొద్దీ నిడివి పెరుగుతుంది. తెల్లవారుజామున కలలు ఎక్కువగా గుర్తుండడానికి కారణం ఇదే. అయిదు గంటలే పడుకుని అలారం మోతకు ఉలిక్కిపడి లేచేవారు ఆ చివరి ఘట్టాన్ని పోగొట్టుకుంటారు. మిగిలిన కొంచెం ఫోను తెర చూడగానే చెదిరిపోతుంది. కాబట్టి కలలు రాయాలన్న పట్టుదల ఉన్నవారు ముందుగా చేయవలసింది పెందలాడే పడుకోవడం.

మెలకువ రాగానే కదలకూడదు. ఏ పక్కకు తిరిగి ఉన్నారో అలాగే, కళ్ళు తెరవకుండా కొద్దిసేపు పడుకోవాలి. చివరి దృశ్యం పట్టుకుంటే దాని వెనకది, దాని వెనకది ఒకటొకటిగా వస్తాయి. ఏ దృశ్యమూ అందకపోతే మనసు ఎలా ఉందో చూసుకోవాలి. దిగులుగా ఉందా, హాయిగా ఉందా, ఎవరి మీదైనా కోపంగా ఉందా? చాలాసార్లు ఆ దిగులు కొస పట్టుకుని లాగితే కల మొత్తం బయటికి వచ్చేస్తుంది. అప్పుడు లేచి రాయాలి, అదీ స్పష్టంగా, పూర్తి మాటల్లో. ఈ రాత విషయంలో ఒట్టో లోవీ సంగతి చెప్పకుండా ఉండలేను. దాదాపు నూరేళ్ళ కిందట ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆ శాస్త్రవేత్తకు ఒక ప్రయోగం కలలోకి వచ్చింది. లేచి చీటీ మీద ఏదో గీకి పడుకున్నాడు. పొద్దున చూసుకుంటే ఆ రాత ఆయనకే అంతుపట్టలేదు. మరుసటి రాత్రి మూడింటికి అదే ఆలోచన మళ్ళీ వస్తే ఈసారి చీటీని నమ్ముకోకుండా నేరుగా ప్రయోగశాలకు వెళ్ళాడు. ఒక కప్ప గుండె నరాన్ని ప్రేరేపించి దాన్ని నెమ్మదింపజేసి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని ఇంకో కప్ప గుండెకు పోస్తే అది కూడా నెమ్మదించింది. నరాలు రసాయనాలతో కబురు పంపుతాయని అలా తేలింది. 1936లో ఆయన నోబెల్ బహుమతి అందుకున్నాడు. కల రెండోసారి రావడం ఆయన అదృష్టం. మనకు రాకపోవచ్చు, కాబట్టి అర్థమయ్యేలా రాద్దాం.

ఇక కల గుర్తులేని రోజుల సంగతి. అలవాటు తెగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ పూట తేదీ వేసి “గుర్తులేదు” అని ఒక్క మాట రాయండి చాలు. పేజీ నింపాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. వరసగా వారమంతా “గుర్తులేదు” అని ఉన్నా ఫరవాలేదు. చెయ్యి పుస్తకం దగ్గరకు వెళ్ళడం మాననంత వరకు అలవాటు బతికే ఉంటుంది. ఫ్రాన్సులో హెర్వే ద సెంట్ డెనీ అనే పండితుడు 13వ ఏట ఇలాంటి పుస్తకం మొదలుపెట్టి ఏళ్ళ తరబడి రాశాడు. 1867లో దాని ఆధారంగా గ్రంథమే వెలువరించాడు. మొదట్లో ఆయనకూ ఖాళీ రోజులుండేవి, రాస్తున్నకొద్దీ తగ్గిపోయాయి. నా అనుభవమూ అదే. జ్ఞాపకం అడిగేకొద్దీ ఇస్తుంది.

అయితే ఇవన్నీ చేసినా, రాసినదాన్ని తిరిగి చదవని మనిషి ఎక్కువకాలం రాయడు. దీన్ని నేను గట్టిగా చెబుతాను. నెలకొకసారి, తీరిక చూసుకుని, పేజీలు వెనక్కి తిప్పాలి. 1966లో హాల్, వాన్ డి కాసల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కలలను అర్థాల కోసం కాకుండా లెక్క కోసం చదివే పద్ధతి ఒకటి రూపొందించారు. కలలో ఎవరెవరు వచ్చారు, తెలిసినవారా కొత్తవారా, పోట్లాడారా సాయం చేశారా, చోటు ఎక్కడ అని లెక్కవేస్తారు. ఇంట్లో కూర్చుని ఎవరైనా చేసుకోగలిగిన పని ఇది. మార్జిన్‌లో చిన్న గుర్తులు పెట్టుకుంటే చాలు.

అలా చూసుకున్నప్పుడే నాకు తెలిసింది. ఉద్యోగంలో ఉన్న రోజుల కలల్లో నా బండి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉండేది. సొరంగంలోనో, వంతెన మీదో, సిగ్నల్ పడక. రిటైరయ్యాక కలల్లో బండి ఆగడమే మానేసింది. నన్ను ప్లాట్‌ఫారం మీద ఉంచి వెళ్ళిపోతుంది. ఈ మార్పు ఏ ఒక్క కలలోనూ కనిపించదు. ఏళ్ళ పేజీలు ఒకచోట ఉంటేనే కనిపిస్తుంది. హుద్‌హుద్ కూడా అంతే. 2014 అక్టోబరు 12న ఆ తుపాను మన విశాఖ మీద పడిన తరువాత చాలాకాలం నా కలల్లో గాలి హోరు, తలుపులు కొట్టుకోవడం, కూలిన చెట్లు ఉండేవి. తరువాతి పుస్తకాల్లో హోరు లేదు, చెట్లు లేవు. కరెంటు లేని వీధిలో ఎవరో టార్చిలైటు పట్టుకుని నడుస్తూ ఉంటారు, అంతే. ఈ నగరంలో ఆ రాత్రి గడిపిన ఎందరి కలల్లో ఏమేం మిగిలిందో రాసి ఉంచితే ఎంత బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఒక పేజీ ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. “త్యాడ స్టేషన్. పగలు. ప్లాట్‌ఫారం మీద అమ్మ, చేతిలో తాటాకు విసనకర్ర. బండి ఆగలేదు. నా చేతిలో పచ్చజెండా తడిగా ఉంది, పిండితే నీళ్ళు కారాయి. అమ్మ నన్ను చూడలేదు. భయం లేదు.” అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ విసనకర్రకు ఎర్రగుడ్డ అంచు ఉండేదని నాకు గుర్తొచ్చింది ఈ కల రాస్తున్నప్పుడే. దీని ఫలితమేమిటని నేను ఎవరినీ అడగలేదు.

పుస్తకం ఎవరైనా చదువుతారేమోనన్న బెదురు కూడా చాలామంది చేత, ముఖ్యంగా ఆడపిల్లల చేత, రాత మాన్పిస్తుంది. తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. పిల్లల కలల పుస్తకం తెరవకండి, తెరిచి నిలదీయకండి. కలలో చేసినదానికి ఎవరూ జవాబుదారీ కాదు. అలాగే ఒకే పీడకల పదేపదే వచ్చి నిద్ర చెడగొడుతుంటే పుస్తకంతో సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి కలవాలి. ఆ పీడకలను రాయించి, పగటిపూట దాని నడకను మనకు నచ్చినట్టు మార్చి రాసుకుని, ఆ కొత్త కలను రోజూ కాసేపు మనసులో చూసుకోమనే చికిత్స ఉంది. నిద్రలో నిజంగానే చేతులూ కాళ్ళూ విసిరే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళనూ వైద్యుడికి చూపించాలి. దాన్ని వయసు మీద తోసేసి ఊరుకోవద్దు.

చివరగా మీకు ఒక విన్నపం. మీ పత్రికలో కలల ఫలితాల శీర్షిక వస్తోంది. దాని పక్కన కొద్దిపాటి చోటు పాఠకుల కలలకు ఇవ్వండి. పేరు అక్కర్లేదు, ఊరు చాలు. నాలుగు పంక్తులు మించకూడదు. అర్థాలూ ఫలితాలూ ఎవరూ రాయకూడదు. గాజువాకలో ఒకరికి, భీమిలిలో ఇంకొకరికి ఆ వారం ఏ కల వచ్చిందో చదివితే, పుస్తకం మూసేసిన పిల్లలు మళ్ళీ తెరుస్తారు. మా మనవరాలు హాల్ టికెట్ దొరకని కల పంపడానికి ఒప్పుకుంది. మొదటి వారానికి ఇంకేమీ రాకపోతే నా పుస్తకాల్లోంచి కొన్ని ఎంచి పంపుతాను.

భవదీయుడు,
విశ్రాంత గూడ్స్ గార్డు,
దొండపర్తి, విశాఖపట్నం.