నలభై దాటితే కోడ్ రాయలేమా?

సంపాదకులకు,

నేను విజయనగరంలో ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ని. వయసు 47. ఈమధ్య ఓ ఇంటర్వ్యూలో "ఈ వయసులో కొత్తవి నేర్చుకోగలరా?" అని అడిగారు. చాలా బాధేసింది. జావాతో మొదలుపెట్టి పైథాన్, క్లౌడ్ అన్నీ ఉద్యోగం చేస్తూనే నేర్చుకున్నాను.

మొన్న మా టీమ్‌లో కుర్రాడు ఏఐతో రాయించిన కోడ్ టెస్టుల్లో బాగానే నడిచింది. లైవ్‌లోకి వెళ్లాక ఒకే చెల్లింపు రెండుసార్లు పడింది. కారణం, నెట్‌వర్క్ తెగితే యాప్ అదే రిక్వెస్ట్ మళ్లీ పంపుతుంది. అందుకే ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరు ముందే వచ్చిందేమో చూసుకోవాలి. ఆ దెబ్బ ఒకసారి తిన్నవాళ్లకు వెంటనే తడుతుంది. ఏఐ వాడకం మాత్రం నేను ఆ కుర్రాడి దగ్గరే నేర్చుకున్నాను.

ఇక్కడి జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం మాలాంటివాళ్లకు సాయంత్రం తరగతులు పెట్టాలి. ఫీజు కట్టి మరీ వస్తాం.

- ఓ పాఠకుడు, కంటోన్మెంట్, విజయనగరం