ఆ ఆరుగురికీ, రాత్రి డ్యూటీ సిస్టర్‌కీ

మొన్న మా బాబుకి అన్నప్రాసన చేశాం. పుస్తకం, పెన్ను, బంగారం అన్నీ వదిలేసి వాడు నేరుగా పాయసం గిన్నెలో చెయ్యి పెట్టాడు. అందరూ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఇది రాయడం అప్పటికే ఆలస్యమైందనిపించింది.

కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకోక రక్తం ఆగలేదు. అర్ధరాత్రి మా తమ్ముడి స్నేహితులు ఆరుగురు వానలో బైకుల మీద వచ్చి రక్తమిచ్చారు. వాళ్ళలో ఇద్దరి పేర్లు నాకిప్పటికీ తెలియవు.

తర్వాతి సంగతి చాన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి నేనున్నది చీకటి కూడా కాదు. చీకటైతే చీకటని తెలుస్తుంది. అమ్మ, ఆయన, అప్పుడే పుట్టిన బిడ్డ, అసలెవరూ ఎప్పుడూ లేరని, అంతా నేను ఊహించుకున్నదేనని అనిపించింది. చూడ్డానికొచ్చినవాళ్ళు "దేవుడు కనిపించాడా?" అని అడిగేవారు. ఏం పాపం చేశానో అనుకుని తల అడ్డంగా ఊపేదాన్ని. రాత్రిళ్ళు లైటు ఆర్పనిచ్చేదాన్ని కాదు.

ముందుగా చెప్పింది మా మేనత్తకి. "నీకింకా భూమ్మీద నూకలున్నాయే, చిత్రగుప్తుడు పేరు పొరబడుంటాడు" అంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రిచా, ఇయాన్ స్టీవెన్సన్ అనే మరో పరిశోధకుడితో కలిసి 1986లో రాసిన, చావు అంచుదాకా వెళ్ళొచ్చిన ఉత్తరాదివాళ్ళ అనుభవాల్లోనూ ఇదే కథట: దూతలు పట్టుకెళ్ళడం, లెక్క చూసి ఈ మనిషి కాదని తిప్పి పంపడం. అత్తకి చెబితే "నే చెప్పలా!" అంది. నాకు యమభటులైనా రాలేదు. వచ్చుంటే కనీసం మాట్లాడ్డానికి ఎవరో ఒకరు ఉండేవారు.

ఈ పరిశోధనల సంగతులు నాకు చెప్పింది సైకియాట్రిస్టు మేడం. 1992లో బ్రూస్ గ్రేసన్, నాన్సీ ఇవాన్స్ బుష్ అనే పరిశోధకులు చావు అంచున ఇలా భయపెట్టిన 50 అనుభవాలు సేకరించి మూడు రకాలుగా విడదీశారట. వాటిలో ఒకటి శూన్యం, అచ్చం నాదే. ఆ బుష్ గారికి కూడా 1962లో కాన్పు సమయంలోనే "నువ్వెప్పుడూ లేవు" అన్నట్టు తెలిసిందట. మంచివాళ్ళకి వెలుగు, చెడ్డవాళ్ళకి భయం అనే లెక్కేమీ తేలలేదని మేడం చెప్పాక గుండె మీంచి బండ దిగింది. మత్తుమందు వల్లో, ఆక్సిజన్ తగ్గడం వల్లో కావచ్చని కూడా అన్నారు. నాది అబద్ధమని మాత్రం ఒక్కసారీ అనలేదు.

అయినా నిద్ర పట్టించింది సిస్టర్ గారే. నాలుగో నెలలో వెతుక్కుంటూ వెళితే, టిఫిన్ బాక్సు పక్కన పెట్టేసి ఆ రాత్రంతా గంట గంటకీ చెప్పారు. "రెండింటికి నీ కాళ్ళు మంచుగడ్డల్లా ఉంటే దుప్పటి కింద చెయ్యి పెట్టి రుద్దానమ్మా. మూడున్నరకి మీ ఆయన తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు, టీ తాగమంటే తాగలేదు. ఐదింటికి మీ అమ్మ బాబుని ఆ అద్దం దగ్గరికే తెచ్చి ఎత్తి చూపించింది." ఎవరూ లేరనుకున్న ఆ గంటల్లోనే ఇదంతా జరిగింది. ఇంటికెళ్ళి ఆ రాత్రి లైటు నేనే ఆర్పాను.

సిస్టర్ గారూ, ఆ రోజు మీ ఇడ్లీలు చల్లారిపోయాయి, ఏమీ అనుకోకండి. మేడం గారికి నమస్కారాలు. తమ్ముళ్ళూ, ఆదివారం ఆరుగురూ భోజనానికి రావాలి. పేర్లు తెలియని ఆ ఇద్దరినీ తప్పకుండా తీసుకురండి.