లింకు మీద నాకొచ్చే కమీషన్ సంగతి

హనుమకొండలో మా కొట్టుకు వచ్చేవాళ్లందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక పెద్దమ్మ ఫోన్ చేశారు. చాలా ఏళ్లుగా కుక్కర్లూ మిక్సీలూ మన దగ్గరే బాగుచేయించుకుంటారు. "బిడ్డా, నువ్వు పంపిన లింకుల ఫ్యాన్ కొన్న. దాని మీద నీకేమన్న కమీషన్ వస్తదా?" అన్నారు. వస్తుందన్నాను. "మరి ముందుగాల చెప్పలేదేంది?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. అందుకే ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

కొట్టు చిన్నది, అన్నీ పెట్టలేం. మన దగ్గర లేనివాటికి అమెజాన్ లింకు ఫోన్‌లో పంపుతున్నాను. దాన్ని నొక్కి కొంటే మీకు ధర రూపాయి కూడా పెరగదు, కంపెనీ తన వాటాలోంచి నాకు కొంత ఇస్తుంది. నొక్కిన 24 గంటల్లో ఇంకేం కొన్నా చాలావాటికి అదీ నా లెక్కలో పడుతుంది. ఒకసారి స్కూలు బ్యాగు మీద డబ్బులు పడ్డాయి, నేను ఎవరికీ బ్యాగు లింకు పంపలేదు. ఏం కొన్నారో నాకు కనిపిస్తుంది, ఎవరు కొన్నారో కనిపించదు. వస్తువు తిరిగి పంపేస్తే కమీషన్ రాదు. పోయిన నెల మొత్తం 1,140 రూపాయలు వచ్చాయి.

సిఫార్సు చేసేవాళ్లకు అమ్మేవాళ్ల నుంచి డబ్బు ముడుతుంటే ఆ మాట చెప్పి తీరాలని 2022 జూన్‌లో కేంద్రం నిబంధన తెచ్చింది. అది లేకపోయినా పెద్దమ్మకు నేను చెప్పి ఉండాల్సింది.

కమీషన్ దాచడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటుంది. ఆమె కొన్నది బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే కరెంటు తక్కువ లాగే మోటారు ఉన్నది. మామూలు ఫ్యాన్ 75 వాట్లు లాగితే ఇది 30 దగ్గర తిరుగుతుంది. రోజుకు 12 గంటలు వేస్తే అర యూనిట్ మిగులుతుంది, నెలకు 16 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలనుకుంటే 80 రూపాయలు. మామూలు ఫ్యాన్ కంటే 1,500 ఎక్కువ పెడితే, ఆ డబ్బు తిరిగి రావాలంటే 19 నెలలు అలా రోజూ తిరగాలి. పెద్దమ్మ దాన్ని బిగించింది ముందు గదిలో. కొడుకు పండక్కి వస్తేనే ఆ గది తెరుస్తారు. ఏ గదికి అని నేను అడగనే లేదు. మొన్న మా ఆయన వెళ్లి, దాన్ని ఆమె పడుకునే గదిలోకి మార్చి, అక్కడి పాతది ముందు గదిలో బిగించి వచ్చారు. కూలి తీసుకోలేదు.

ఇకనుంచి లింకు కిందే "దీని మీద నాకు కమీషన్ ఉంది" అని రాస్తాను. పంపేముందు ఎక్కడ వాడతారో, రోజుకు ఎంతసేపో అడుగుతాను, విసుక్కోకండి. కుక్కర్ ఆవిరి పోతోందని కొత్తది అడిగితే ముందు పాతది పట్టుకురమ్మంటాను. చాలాసార్లు గ్యాస్కెట్ మారిస్తే చాలు. కొత్తదే కావాలంటే ఐఎస్‌ఐ గుర్తు, ప్రెషర్ కుక్కర్ల ప్రమాణమైన ఐఎస్ 2347 నంబరు చూసుకోండి. అవి లేని కుక్కర్‌కు ఎంత కమీషన్ ఇచ్చినా లింకు పంపను.

నెలనెలా ఏ వస్తువు మీద ఎంత వచ్చిందో రాసిన పుస్తకం గల్లా పెట్టె పక్కనే ఉంటుంది. ఎవరైనా తిరగేసి చూడొచ్చు. ఇదివరకు నా మాట మీద కొన్నది ఏదైనా మీకు పనికిరాకుండా మూలన పడి ఉంటే అదీ చెప్పండి. దాన్ని ఇంట్లో ఎక్కడ వాడుకోవచ్చో కూర్చుని చూద్దాం.